మోత ఎక్కడిది, ఆయిల్ ఎక్కడిది? పాత అంబాసిడర్ డిఫరెన్షియల్‌లో లోపం పట్టుకోవడం

వెనక నుంచి మోత వస్తోందని పాత అంబాసిడర్‌ను షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "క్రౌన్ పినియన్ పోయింది, దింపాల్సిందే." క్రౌన్ పినియన్ అంటే ఇంజిన్ తిరుగుడును వెనక చక్రాల వైపు మళ్ళించే పళ్ళ జత, అది ఉండే వెనక యాక్సిల్ నడిమి భాగమే డిఫరెన్షియల్. బండిని ఒక్క రౌండు నడిపి చూడకముందే తీర్పు వచ్చేస్తుంది. తీరా దింపాక చూస్తే పళ్ళు బాగానే ఉంటాయి, మోత టైరుదో, చక్రం నడుమ ఉండే హబ్ బేరింగుదో అయి ఉంటుంది. ఆయిల్ కారడమూ ఇంతే. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, అంటే సీలు, మార్చిన నెలకే మళ్ళీ కారుతోందంటే తప్పు సీలుది కాకపోవచ్చు. దశాబ్దాల తరబడి ఒకదానితో ఒకటి అరిగి కుదురుకున్న పళ్ళను అవసరం లేకుండా కదిపితే, అప్పటిదాకా గుట్టుగా నడిచిన జత కూడా ఊళ పెట్టడం మొదలెడుతుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువ మాటలు స్పానర్ పట్టుకోకముందు చేయాల్సిన పరీక్షల గురించే.

అంబాసిడర్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసిన ఈ కారు 1950ల చివర్లో మొదలై 2014 దాకా వచ్చింది. మధ్యలో ఇంజిన్లు మారాయి. తొలి ఏళ్ళలోనే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) 1489 సీసీ పెట్రోల్, తర్వాత డీజిల్, 1990ల్లో ఇసుజు 1.8 లీటర్ వచ్చాయి. వెనక ఒకే గట్టి యాక్సిల్, దాని నడుమ హైపాయిడ్ గేర్లున్న గుండ్రటి హౌసింగ్ అనే ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా కూడా వెనక చక్రాలతో నడిచే బండ్లే కనుక ఇక్కడి విషయాలు చాలావరకు వాటికీ పనికొస్తాయి. స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి వేరు. అందులో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, రెండు పక్కల షాఫ్టులు విడివిడిగా ఊగుతాయి. దానికి అదనంగా చూసుకోవాల్సిన జాయింట్లున్నాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బాంజో వాయిద్యంలా గుండ్రంగా ఉండే ఈ బాంజో తరహా హౌసింగుకు వెనక మూత తీసి లోపలికి తొంగి చూసే వీలుండదు. రెండు యాక్సిల్ షాఫ్టులూ బయటికి లాగి, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, ముందువైపు నుంచి పళ్ళన్నీ బిగించి ఉండే క్యారియర్ మొత్తాన్ని దింపాలి. "ఊరికే ఓసారి చూద్దాం" అనుకుంటే ఒక రోజు పని.

లోపల జరిగేది

ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర చిన్న పినియన్, దానికి అడ్డంగా పెద్ద క్రౌన్ వీల్. ఇంజిన్ నుంచి పొడవునా వచ్చే తిరుగుడును ఇవి చక్రాల వైపు మళ్ళిస్తాయి, వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. హైపాయిడ్ అంటే పినియన్ నడిమి గీత క్రౌన్ వీల్ నడిమి గీతకు సూటిగా కాకుండా కాస్త కిందికి ఉండే అమరిక. దీనివల్ల షాఫ్ట్ కిందికి దిగుతుంది, కారు లోపలి ఫ్లోరు ఎత్తు తగ్గుతుంది. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1926లో దీన్ని కార్లలోకి తెచ్చింది. అయితే ఈ సౌకర్యం ఊరికే రాలేదు. మామూలు గేర్లలో పన్ను పన్ను మీద ఎక్కువగా దొర్లుతుంది. హైపాయిడ్‌లో దొర్లడంతో పాటు గట్టిగా నొక్కుకుంటూ జారుతుంది కూడా. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం కలిసిన, గట్టి ఒత్తిడిని తట్టుకునే ఈపీ 90 రకం ఆయిల్ వాడాలి. ఇంజిన్ ఆయిల్ పోసి నడిపిన హైపాయిడ్ పళ్ళు చాలా త్వరగా గీతలు పడి పాడవుతాయి.

క్రౌన్ వీల్‌కు బిగించిన పెట్టెలో ఉండే చిన్న పళ్ళ చక్రాలు, అంటే స్పైడర్ గేర్లు, చేసే పని ఇంకొకటి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఎంత ఎక్కువ? అంబాసిడర్ వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.35 మీటర్లు. సందు మలుపైనా, పెద్ద రింగురోడ్డు మలుపైనా, 90 డిగ్రీలు తిరిగితే బయటి చక్రం లోపలి దానికన్నా సుమారు 2.1 మీటర్లు ఎక్కువ పోతుంది. 15 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు పోయే దూరమూ దాదాపు అంతే. అంటే ప్రతి లంబకోణపు మలుపుకు రెండు చక్రాల మధ్య తేడా ఒక్క చుట్టు, అంతే. తిన్నగా పోతున్నప్పుడు స్పైడర్ గేర్లు తమలో తాము తిరగవు, మొత్తంగా పెట్టెతో పాటు తిరుగుతాయి.

మామూలుగా అయితే ఇవి తీరిగ్గా బతకాల్సిన భాగాలు. వీటిని చంపేవి రెండే అలవాట్లు. ఒకటి, వెనక ఒకవైపు కొత్త టైరు, ఇంకోవైపు గుండు టైరు వేసుకుని తిరగడం. చుట్టుకొలతలో 1 శాతం తేడా ఉన్నా చాలు, కిలోమీటరుకు దాదాపు ఐదు చుట్ల తేడా వస్తుంది. తిన్నటి హైవేలో కూడా బండి కిలోమీటరుకు ఐదు మలుపులు తిరిగినంత పని వాటికి పడుతుంది, అదీ ఆగకుండా. రెండోది, బురదలో ఒక చక్రం దిగబడ్డప్పుడు యాక్సిలరేటర్ తొక్కి పట్టడం. ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది. స్పీడోమీటర్ 40 చూపిస్తుంటే గాల్లో చక్రం 80 మీద ఉన్నట్టు. ఆ వేగంలో స్పైడర్ గేర్ల వెనకుండే పలుచని థ్రస్ట్ వాషర్లకు ఆయిల్ సరిగా అందదు, అవి చూస్తుండగానే అరుగుతాయి.

మోతను విడదీయడం

ముందు టైర్లను లెక్కలోంచి తీసేయాలి. టైరు మోత రోడ్డుతో మారుతుంది. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కగానే స్వరం మారితే, యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా తేడా లేకపోతే, అనుమానం టైరు మీదే. పరీక్ష కోసం గాలి కాస్త ఎక్కువ కొట్టించి చూసినా, ముందు చక్రాలు వెనక్కి మార్చి చూసినా తేలిపోతుంది. ఖర్చు లేని పరీక్ష కనుక దీన్నే అందరూ వదిలేస్తారు!

తర్వాత గేర్‌బాక్స్. 50 కిలోమీటర్ల వేగంలో ఓసారి మూడో గేరులో, ఓసారి టాప్ గేరులో నడపాలి. ఇంజిన్ వేగం మారినా మోత స్వరం మారకపోతే అది రోడ్డు వేగంతో తిరిగే భాగానిది, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ నుంచి చక్రాల దాకా ఏదో ఒకటి. పైగా నాలుగు గేర్ల బండ్లలో టాప్ గేరు డైరెక్ట్. శక్తి నేరుగా పోతుంది కాబట్టి గేర్‌బాక్స్ పళ్ళ మీద బరువు ఉండదు. కింది గేర్లలో మోగి టాప్‌లో ఆగితే డిఫరెన్షియల్‌ను అనుమానించడం దండగ.

ఇవి రెండూ తేలాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఖాళీ రోడ్డు మీద 60 వేగానికి తెచ్చి మూడు స్థితులు వినాలి: యాక్సిలరేటర్ నొక్కి లాగుతున్నప్పుడు, పూర్తిగా వదిలేసి ఇంజిన్ బండిని పట్టి ఆపుతున్నప్పుడు, ఈ రెంటికీ మధ్య వేగం పెరగకుండా తగ్గకుండా సమంగా పట్టినప్పుడు. లాగుతున్నప్పుడే సన్నగా ఊళ వస్తుంటే పళ్ళు ముందుకు తోసే వైపు అరిగాయని అర్థం. వదిలినప్పుడే వస్తే ఎక్కువగా పినియన్ బేరింగుల బిగువు తగ్గిన లక్షణం. నొక్కినప్పుడు పినియన్ తన ఇరుసు మీద ఒకవైపు, వదిలినప్పుడు ఇంకోవైపు జరగాలని చూస్తుంది. బేరింగులు బిగువుగా ఉన్నంత కాలం ఆ జరుగుడుకు చోటుండదు. బిగువు పోతే పన్ను పన్నును తాకే చోటే మారిపోతుంది. సమంగా పట్టినప్పుడు గలగలా కొట్టుకుంటున్నట్టు ఉంటే ప్లే, అంటే భాగాల మధ్య వదులు, ఎక్కువైనట్టు.

ఊళ కాకుండా, నొక్కినా వదిలినా ఆగని గరగర అయితే అది బేరింగు గొంతు. ఏ బేరింగు? బండిని కాస్త ఎడమకీ కుడికీ ఊగించినట్టు తిప్పితే, ఒకవైపు తిప్పినప్పుడు పెరిగి ఇంకోవైపు తగ్గితే హబ్ బేరింగు. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు పెరిగితే కుడివైపుది. ఏ తేడా లేకుండా నడిమి నుంచి వస్తుంటే క్యారియర్ లేదా పినియన్ బేరింగులు. తిన్నగా పోతుంటే గప్‌చుప్‌గా ఉండి, మలుపుల్లోనే కరకరలాడితే స్పైడర్ గేర్లు. క్రౌన్ పినియన్‌కు మలుపుతో పెద్దగా పని లేదు, కాబట్టి మలుపుల్లో మాత్రమే వచ్చే చప్పుడును దాని ఖాతాలో వేయకూడదు.

పన్ను విరిగితే వచ్చే చప్పుడును నడక వేగంలోనే పట్టుకోవాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ఈ చక్రం ఒక్కసారి తిరగడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. పినియన్ సెకనుకు మూడు చుట్లు తిరుగుతుంది. ఒకటిన్నర సెకనుకోసారి 'టక్' అంటే చక్రంతో పాటు తిరిగేది ఏదో, అంటే క్రౌన్ వీల్ పన్నో, హబ్బో, డ్రమ్ములో ఇరుక్కున్న రాయో. సెకనుకు మూడుసార్లు అంటే పినియన్ లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (షాఫ్ట్ చివర వంగే జాయింటు). కారు పక్కన నడుస్తూ ఒక మనిషి చెవి పెడితే చాలు, లోపల కూర్చున్నవాళ్ళకన్నా బాగా వినిపిస్తుంది.

ఈ రోజుల్లో ఫోనే మంచి పరికరం. శబ్దాన్ని విడగొట్టి ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో గీతగా చూపించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. లెక్క ఇలా: క్రౌన్ వీల్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 9 పళ్ళు ఉన్నాయనుకుందాం, నిష్పత్తి 4.55. చక్రం చుట్టు 2.05 మీటర్లయితే 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 8.1 చుట్లు, పినియన్ 37 చుట్లు తిరుగుతాయి. పళ్ళు కలిసే లెక్క 8.1 ఇంటూ 41, అంటే సెకనుకు సుమారు 333. ఫోన్ తెరమీద 333 హెర్ట్జ్ దగ్గర కొమ్ము లేచి, 30 వేగానికి తగ్గగానే అది 167 దగ్గరికి దిగితే ఊళ క్రౌన్ పినియన్‌దే. ఇంకెక్కడో కొమ్ము లేస్తే దాన్ని దింపే ఆలోచన మానుకోవచ్చు. పళ్ళ సంఖ్య మాత్రం తమ బండిదే వాడాలి. నిష్పత్తి ఇంజిన్‌ను బట్టి మారి ఉండొచ్చు, వెనకటి ఓనరు ఇంకో యాక్సిల్ వేయించి ఉండొచ్చు.

డబ్‌మనే దెబ్బ

క్లచ్ వదలగానే వెనక డబ్‌మనడం అంబాసిడర్ యజమానులకు అలవాటైన సంగతి. ఈ దెబ్బ ఒక్క చోటి ప్లే కాదు. క్రాస్‌లు, షాఫ్ట్ ముందు కొసన జారే స్లైడింగ్ యోక్ స్ప్లైన్లు (ఒకదానిలో ఒకటి ఇమిడే గాళ్ళు), షాఫ్ట్‌ను పినియన్‌కు బిగించే పళ్ళెం లాంటి పినియన్ ఫ్లాంజ్ స్ప్లైన్లు, పళ్ళ మధ్య ఖాళీ, థ్రస్ట్ వాషర్లు, యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్లు అన్నీ కొంచెం కొంచెం కలిపి ఇచ్చే మొత్తం. క్రౌన్ వీల్ అంచు దగ్గర ఉండాల్సిన ఖాళీ ఈ తరం బీఎంసీ యాక్సిళ్ళలో సుమారు 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ. ఏ జతకు ఎంతో క్రౌన్ వీల్ మీదే చెక్కి ఉంటుంది. చేతికి తెలిసేంత పెద్ద దెబ్బ కేవలం ఆ ఖాళీ వల్ల రావడం అరుదు.

చూసే పద్ధతి: బండి సమతలం మీద ఉండాలి, ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టాలి. ఈ బండ్లలో హ్యాండ్‌బ్రేక్ పనిచేసేది వెనక చక్రాల మీదే, వెనక లేపితే అది బండిని ఆపదు. స్టాండ్లు బాడీ కింద కాదు, యాక్సిల్ ట్యూబుల కింద పెట్టాలి. బాడీని లేపితే యాక్సిల్ కిందికి వేలాడి షాఫ్ట్ కోణం మారిపోతుంది, చూసేదంతా తప్పవుతుంది. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను రెండు చేతులతో అటూ ఇటూ తిప్పాలి. షాఫ్ట్ కదులుతూ పినియన్ ఫ్లాంజ్ కదలకుండా ఉన్నంత మేరా క్రాస్ ప్లే. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే ఇంకా సందేహమే లేదు, సూది బేరింగులు గ్రీజు లేక పొడైపోయాయి. క్రాస్ మార్చడం డిఫరెన్షియల్ దింపే పనిలో పదోవంతు కూడా కాదు, చాలా బండ్లలో దెబ్బ అక్కడే ముగిసిపోతుంది.

ఫ్లాంజ్ కూడా బాగా తిరుగుతుంటే లోపలి ప్లే. అయితే అది పళ్ళదా, స్పైడర్ వాషర్లదా అన్నది విప్పకుండా కొలిచి చెప్పలేం. మోత తోడైతే ఊహించవచ్చు: ఊళ లేకుండా దెబ్బ ఒక్కటే ఉంటే వాషర్లు, ఊళా దెబ్బా కలిసి వస్తే క్రౌన్ పినియన్. అదే ఫ్లాంజ్‌ను పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఊపాలి. గుండ్రంగా తిరిగే ప్లే కొంత ఉండొచ్చు గానీ, ఈ ఊపులో మాత్రం ఏమాత్రం కదలకూడదు. సన్నగా 'టిక్' మన్నా పినియన్ బేరింగు పోయినట్టే. ఇది కనిపెట్టకుండా ఆయిల్ సీలు మాత్రం మార్చేవాళ్ళు అదే సీలును మళ్ళీ మళ్ళీ మారుస్తుంటారు. ఊగే షాఫ్ట్ మీద ఏ సీలూ నిలవదు.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

హౌసింగులో ఆయిల్ మట్టం చూసే బిరడా, అంటే లెవెల్ ప్లగ్, విప్పి చిటికెన వేలు లోపలికి పెట్టాలి. ఆయిల్ రంధ్రం అంచుదాకా ఉండాలి. వేలికి తగలకపోతే తక్కువ, విప్పగానే ధార కడితే ఎక్కువ. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకునేవాళ్ళు కొందరు, కానీ ఎక్కువైన ఆయిల్ చివరికి హబ్ సీళ్ళు దాటి బ్రేకు డ్రమ్ముల్లోకి చేరుతుంది.

వేలికంటిన ఆయిల్‌ను వెలుతురులో చూడాలి. ఘాటైన గంధకపు వాసన ఈపీ ఆయిల్‌కు సహజం, దాన్ని చూసి కాలిపోయిందని కంగారుపడక్కర్లేదు. నల్లగా ఉన్నా ఫరవాలేదు. పాల కాఫీ రంగులో చిక్కగా ఉంటే నీళ్ళు చేరాయి. నడిచి వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా వరద నీటిలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, దారి దొరికిన చోట నీటిని లోపలికి పీల్చుకుంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్ల ఇంజిన్ల గురించే హడావుడి జరిగింది. వెనక హౌసింగు ఆయిల్ సంగతి ఎవరికీ గుర్తుకు రాని విషయం. నీళ్ళు తగిలి నెలల తరబడి నిలబడిన బండిలో, ఆయిల్‌లో మునగని పైసగం పళ్ళ మీదా బేరింగుల మీదా తుప్పు పడుతుంది. తర్వాత నడిపితే ఆ తుప్పు గుంటలే గరగరకు మూలం. నెలకోసారైనా పది కిలోమీటర్లు తిప్పమని పాత బండ్లవాళ్ళు చెప్పడంలో అర్థం ఇదే, ఆయిల్ పళ్ళ మీద మళ్ళీ పూతలా పడుతుంది.

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దించి పాత తెల్ల బనియన్ గుడ్డలో వడకట్టాలి. గుడ్డ మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలు అరుగుదల. గోటికి తగిలే పొలుసులు కనిపిస్తే బేరింగు పొర లేచిపోతోంది. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు ఉంటే కంచు థ్రస్ట్ వాషర్లు అరుగుతున్నాయి. మూల తెగిన గట్టి ఉక్కు ముక్క ఏదైనా దొరికితే అది పన్ను ముక్క కావచ్చు. ఇక ఆ బండిని ఇంటిదాకా కూడా నడపకూడదు, ఆ ముక్క పళ్ళ మధ్య ఇరికితే హౌసింగే పగులుతుంది.

పాత బండి కొనేవాళ్ళు ఈ వడకట్టే పనిని తప్పకుండా చేయాలి. ఊళ వినపడకుండా హౌసింగులో గ్రీజు కూరడం, రంపపు పొట్టు కలపడం అమ్మేవాళ్ళ పాత కిటుకులు. బేరం రోజున నిశ్శబ్దంగా నడుస్తుంది. గ్రీజు ఒకసారి పక్కకు తోసుకుపోతే తిరిగి పళ్ళ మీదికి జారిరాదు, కాబట్టి కొన్నాక కొద్ది వారాల్లోనే అసలు రంగు బయటపడుతుంది. మోత లేకపోవడం కన్నా ప్లగ్ దగ్గర ఏం కారుతోందన్నదే నమ్మదగిన గుర్తు.

కారేది ఎక్కడినుంచి

హౌసింగంతా మట్టీ ఆయిలూ కలిసి గడ్డకట్టి ఉన్నప్పుడు లీక్ ఎక్కడుందో చెప్పడం ఎవరివల్లా కాదు. ముందు కిరోసిన్, బ్రష్షుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. ఆరాక పైనంతా టాల్కం పౌడర్ దులిపి, 20-30 కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూడాలి. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే చోటు. నడిచే బండి కింద గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది కాబట్టి, అన్నిటికన్నా ముందూ, అన్నిటికన్నా పైనా తడిసిన చోటే మూలం. అంబాసిడర్ గేర్‌బాక్స్ తోక నుంచి కారిన ఆయిల్ షాఫ్ట్ పొడవునా ఎగిరొచ్చి హౌసింగు ముక్కు (షాఫ్ట్ చేరే ముందు కొస) మీద పడి, పాపం పినియన్ సీలును దోషిగా నిలబెట్టిన సందర్భాలు కొల్లలు.

పౌడర్ వేయకముందే ఒకటి చూడాలి, అదే బ్రీదర్. హౌసింగు పైభాగంలోనో ట్యూబు మీదో ఉండే బొటనవేలంత లేని చిన్న గొట్టం. ఆయిల్ 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే లోపలి గాలి పీడనం, బయటికి దారి లేకపోతే, దాదాపు ఆరోవంతు పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌కు విజిల్ ఎంతో దీనికి బ్రీదర్ అంత. మన రోడ్ల దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి ఆ రంధ్రాన్ని సిమెంటులా మూసేస్తాయి. అప్పుడు పీడనం ఏ సీలు మెత్తగా ఉంటే దాని అంచును తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. కొత్త సీలు వేసినా వారంలో కారడానికి సాధారణ కారణం ఇదే. పరీక్ష తేలిక: అరగంట నడిపి ఆపాక లెవెల్ ప్లగ్‌ను జాగ్రత్తగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. 'ఉస్స్' మంటే బ్రీదర్ మూసుకుపోయింది. సన్నటి తీగతో పొడిచి పెట్రోల్‌తో కడిగితే సరిపోతుంది.

బ్రీదర్ బాగుండీ కారుతుంటే అప్పుడు చోటును బట్టి ఆలోచించాలి. క్యారియర్ అతుకు చుట్టూ చెమ్మ ఉంటే గాస్కెట్, లేదా వదులైన నట్లు, పెద్ద విషయం కాదు. ముక్కు దగ్గర చుక్కలు పడి, పైన బాడీ అడుగున గుండ్రంగా ఆయిల్ చిమ్మిన గీత ఉంటే పినియన్ సీలు. తిరిగే ఫ్లాంజ్ విసిరిన గీత అది. చక్రం లోపలివైపు టైరు పక్కన తడి చారలుంటే హబ్ దగ్గరిది, దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు. డ్రమ్ములో ఆయిల్ చేరితే బ్రేకు షూలు జారతాయి, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అయితే డ్రమ్ము తడి ఎప్పుడూ గేర్ ఆయిలే కాదు. పలుచగా, రంగు పెద్దగా లేకుండా, పెయింటును లేపేసేదైతే అది వీల్ సిలిండర్ నుంచి వచ్చిన బ్రేకు ఆయిల్. చిక్కగా గంధకం వాసనేస్తే హౌసింగుది.

ఒకవైపు హబ్ మాత్రమే పదేపదే కారుతుంటే బండి రాత్రిపూట ఎలా నిలబడుతోందో చూడాలి. మన ఇళ్ళ ముందు ర్యాంపుల మీద, కాలవ పక్కన ఒకవైపు వాలుగా ఆపే బండ్లలో ఆయిల్ ఆ వైపు ట్యూబులోకి జారి రాత్రంతా సీలు మీద నిలుస్తుంది. అలాంటి బండిలో లెవెల్ చూసినా తప్పుగా వస్తుంది. సమతలం మీద పెట్టి, కాసేపు ఆగి చూడాలి. ఈ బాంజో యాక్సిల్‌లో షాఫ్ట్ ఫ్లాంజుకూ హబ్బుకూ మధ్య ఒక పేపర్ గాస్కెట్ కూడా ఉంటుంది. సీలు మార్చి, పావలా విలువ చేయని ఆ గాస్కెట్‌ను పాతదే బిగిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

లీక్ దానంతటదే ఆగిపోతే మాత్రం కంగారుపడాల్సిందే. సీలు బాగుపడదు, కారడానికి ఆయిల్ మిగల్లేదని అర్థం.

పినియన్ నట్ జోలికి వెళ్ళేముందు

ముక్కు సీలు మార్చాలంటే ఫ్లాంజ్ తీయాలి, ఫ్లాంజ్ తీయాలంటే నట్ విప్పాలి. ఎక్కువ డిఫరెన్షియళ్ళు పాడయ్యేది ఇక్కడే. ఆ నట్ బిగింపే బేరింగుల బిగువును నిర్ణయిస్తుంది. బీఎంసీ బాంజో యాక్సిళ్ళలో రెండు బేరింగుల మధ్య దూరాన్ని నిలిపే గట్టి స్పేసరు, సర్దుబాటు కోసం షిమ్ములనే పలుచని రేకులు ఉంటాయి. సరైన టార్క్‌తో బిగిస్తే పాత బిగువే తిరిగొస్తుంది. మరికొన్ని యాక్సిళ్ళలో నలిగే స్పేసరు ఉంటుంది. అందులో నట్‌ను ఒక్క పిసరు ఎక్కువ బిగించినా స్పేసరు ఇంకా నలిగిపోతుంది, బేరింగులు పట్టేస్తాయి, వెనక్కి తిప్పితే పోయేది కాదు. ఏ రకమో తెలియకుండా పొడుగు పైపు తగిలించి బిగించే మెకానిక్ చేతిలో బండి పెట్టకపోవడమే మేలు. విప్పేముందు నట్, షాఫ్ట్, ఫ్లాంజ్ మూడింటి మీదా సెంటర్ పంచ్‌తో గుర్తులు వేయించాలి.

ఫ్లాంజ్ చేతికొచ్చాక సీలు రుద్దుకునే చోట గోరు గీసి చూడాలి. గోరు ఇరుక్కునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. పలుచని ఉక్కు స్లీవ్ ఎక్కించాలి, లేదా వీలుంటే సీలును రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి అరగని చోట ఆనేలా చూడాలి.

క్యారియర్ దింపక తప్పకపోతే, పళ్ళకు రంగు పూసి తిప్పి చూడకుండా కొత్త భాగం ఏదీ కొనకూడదు. రంగు మీద పడిన ముద్ర పన్ను నడుమ ఉండాలి. పన్ను కొనకు చేరితే పినియన్ క్రౌన్ వీల్‌కు దూరమైంది, మొదట్లోకి దిగితే మరీ దగ్గరైంది. ఈ రెండూ షిమ్ములతో సరిచేసేవే, జత మార్చాల్సిన పని లేదు. పళ్ళ మీద గుంటలు, గీతలు, పెచ్చులు కనిపిస్తేనే మార్చాలి. మారిస్తే రెండూ కలిపి మార్చాలి. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రుద్ది తయారైన జత. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాన్లలో విడిగా దొరికిన మంచి పినియన్‌ను పాత క్రౌన్ వీల్‌కు కలిపితే, రెండూ బాగున్నా సంసారం పొసగదు. కొనేటప్పుడు రెండింటి మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా అని చూడాలి. కుదిరితే క్యారియర్ మొత్తం విప్పకుండా ఉన్నదే తెచ్చుకోవడం నయం.

బిగించాక మొదటి 30 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆపగానే హౌసింగు ముక్కు మీద అరచెయ్యి పెట్టాలి. మూడు నాలుగు సెకన్లు ఓర్చుకోగలిగేంత వేడి మామూలే. తాకగానే చెయ్యి లాక్కోవాల్సి వస్తే బేరింగులు మరీ బిగుసుకున్నాయి, చల్లారేదాకా ఆగి మళ్ళీ షెడ్డుకే తీసుకెళ్ళాలి. వేడి సరిగ్గా ఉంటే 500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ ఒకసారి దించేసి కొత్తది పోయాలి, ఆ మొదటి ఆయిల్‌ను కూడా గుడ్డలో వడకట్టి చూడాలి.